టెక్ సందేహాలు: గిల్డ్‌లో లూట్ ఎవరికి దక్కాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట గురించే ఉన్నాయి. 2004 నవంబరులో బ్లిజార్డ్ సంస్థ విడుదల చేసిన ఈ ఆట విస్తరణల మీద విస్తరణలతో సాగుతూ ఉండగానే, దాని తొలినాటి రూపాన్ని 2019 ఆగస్టులో క్లాసిక్ పేరుతో మళ్లీ తెచ్చారు. విస్తరణలతో సాగే కొత్త ఆట, క్లాసిక్ రెండింటిలోనూ లూట్ (చంపిన శత్రువుల దగ్గర దొరికే వస్తువులు) పంచుకునే నియమాలు వేరు కాబట్టి, ఏ జవాబు ఏ రూపానికి వర్తిస్తుందో ఎక్కడికక్కడ చెబుతాను.

ప్రశ్న: మేము క్లాసిక్‌లో 60 మంది గిల్డ్‌లో (ఆటగాళ్ల సంఘంలో) ఉన్నాం. తెలుగువాళ్లం ఏడుగురం. మోల్టెన్ కోర్ అనే రైడ్‌లో (పదులమంది కలిసి చేసే పెద్ద పోరులో) గార్ అనే బాస్ (పెద్ద శత్రువు) చచ్చినప్పుడు థండర్‌ఫ్యూరీ ఖడ్గానికి కావలసిన రెండు ముక్కల్లో ఒకటి పడింది. రెండో ముక్క మా ట్యాంక్ (శత్రువు దెబ్బలను తన మీదికి తీసుకునే ఆటగాడు) దగ్గర ఎప్పటినుంచో ఉంది. అయినా ఎక్కువ డీకేపీ (రైడ్‌లకు వచ్చి కూడబెట్టుకునే పాయింట్లు) ఉన్న రోగ్ (చాటుగా దెబ్బతీసే పాత్ర ఆడేవాడు) వేలం పాట పాడి దక్కించుకున్నాడు. గిల్డ్ రెండుగా చీలేలా ఉంది. ఇలాంటివి ఆపే యాడాన్ (ఆటకు జోడించుకునే చిన్న ప్రోగ్రాం) ఏదైనా ఉందా? (విశాఖపట్నం)

ఆపే యాడాన్ లేదు. ఎవరికి ఏ వస్తువు మీద ముందు హక్కు ఉందో చూపించి హెచ్చరించగల యాడాన్లు ఉన్నాయి. క్లాసిక్‌లో గార్గుల్, కొత్త ఆటలో ఆర్‌సీ లూట్ కౌన్సిల్ అందరికీ తెలిసినవే. కానీ క్లాసిక్‌లో వస్తువును ఒకరి చేతిలో పెట్టేది మాస్టర్ లూటర్‌గా ఉన్న మనిషి. అతని ముందు రాతపూర్వకమైన నియమం లేనప్పుడు యాడాన్ ఎవరి పక్షాన హెచ్చరించాలి?

మీ రోగ్ మీద కోపం తెచ్చుకోవడం కూడా న్యాయం కాదు. డీకేపీ అంటేనే రైడ్‌కు వచ్చి శ్రమపడ్డందుకు పాయింట్లు కూడబెట్టుకుని, నచ్చిన వస్తువుకు వాటిని ఖర్చు చేయడం. ఈ పద్ధతి వార్‌క్రాఫ్ట్‌లో పుట్టింది కాదు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ ఆటలో ఆఫ్టర్‌లైఫ్ అనే గిల్డ్ దీన్ని మొదలుపెట్టింది. అక్కడి పెద్ద వేట నాగఫెన్, వాక్స్ అనే రెండు డ్రాగన్లు కాబట్టి డ్రాగన్ కిల్ పాయింట్లు అన్న పేరు వచ్చింది. పదులమంది గంటల తరబడి పోరాడితే నాలుగైదు వస్తువులు దక్కే చోట, ఈ రోజు దక్కనివాడికి రేపటి మీద నమ్మకం కలిగించడమే దాని ఉద్దేశం. మీ రోగ్ ఆ నమ్మకంతోనే వారాల తరబడి వచ్చాడు, నియమం ప్రకారమే పాడాడు.

లోపం ఎక్కడుందంటే, థండర్‌ఫ్యూరీ ముక్కలను మామూలు వస్తువులతో కలిపి పాటలో పెట్టడంలో ఉంది. గార్ దగ్గర ఒక ముక్క, బారన్ గెడాన్ దగ్గర ఇంకో ముక్క పడాలి, రెండూ ఒకే మనిషి దగ్గర చేరాలి, ఆపైన రాగ్నరోస్ నుంచి వచ్చే సారం, పది ఎలిమెంటియం కడ్డీలు సమకూరాలి. ఇద్దరి దగ్గర చెరో ముక్క ఉంటే గిల్డ్ మొత్తానికి ఒక్క ఖడ్గం కూడా ఉండదు. అందువల్ల ఇటువంటి వస్తువులకు ఎవరి తరువాత ఎవరు అన్న వరుసను, మొదటి రైడ్‌కు ముందే, పాయింట్లతో సంబంధం లేకుండా, పేర్లతో సహా రాసి పెట్టుకోవాలి. శత్రువు దృష్టిని తన మీదే నిలుపుకోవడానికి ఆ ఖడ్గం బాగా ఉపయోగపడుతుంది కనుక, క్లాసిక్‌లో మొదటి పేరు ట్యాంక్‌ది ఉండడం సమంజసమని నా అభిప్రాయం.

ఇప్పుడు జరిగిపోయినదానికి మార్గం ఉంది. రైడ్‌లో దక్కిన వస్తువును అదే పోరులో ఉన్న మరొకరికి ఇవ్వడానికి ఆట ఇచ్చే గడువు రెండు గంటలే కాబట్టి, వెనక్కి తీసుకోవడం గురించి మాట్లాడి ప్రయోజనం లేదు. గార్ నుంచి మళ్లీ పడే ముక్క ట్యాంక్‌కు, అది పూర్తయ్యాక గెడాన్ నుంచి పడే ముక్క రోగ్‌కు అని ఇద్దరి ముందూ ఒప్పందం చేసుకోండి. అప్పుడు రోగ్ ఖర్చు చేసిన పాయింట్లు వృథా కావు, ట్యాంక్ వరుసలో మొదటే ఉంటాడు, రెండో ఖడ్గానికి సగం దారి ఇప్పటికే నడిచినట్టవుతుంది.

మీ డీకేపీ పద్ధతిలో ఇంకో చిక్కు కూడా త్వరలో బయటపడుతుంది. పాతవాళ్లు ఖర్చు చేయకుండా పోగుచేసుకుంటూ పోతే, కొత్తగా చేరినవారికి ఏ వస్తువూ అందని ద్రాక్షే అవుతుంది, వాళ్లు నెల తిరిగేలోగా వెళ్లిపోతారు. దీనికి వారం వారం నిల్వలో కొంత శాతం కరిగించడం మంచి మందు. ఒక మనిషి వారానికి 100 పాయింట్లు సంపాదిస్తాడనుకుందాం. రైడ్‌కు ముందు పాత నిల్వలో 20 శాతం తగ్గిస్తూ పోతే, సున్నాతో మొదలైన కొత్తవాడు ఎన్నాళ్లు దాచినా 500 దాటలేడు. 1,200 పాయింట్లున్న పాతవాడు నాలుగు వారాలకు సుమారు 787కు దిగుతాడు, ఆ నాలుగు వారాల్లోనే కొత్తవాడు 295కు చేరుకుంటాడు. పాతవాడి శ్రమకు విలువ ఉంటుంది గాని, అది శాశ్వత జాగీరు కాదు. ఈ మార్పును మధ్యలో హఠాత్తుగా తేకుండా, ఉన్న పాయింట్లను ఖర్చు చేసుకోవడానికి రెండు మూడు రైడ్ల గడువు ఇచ్చి అమలు చేయండి.

లూట్ కౌన్సిల్ (ఏ వస్తువు ఎవరికివ్వాలో నిర్ణయించే చిన్న బృందం) పెట్టమని కొందరు మీకు సలహా ఇచ్చే ఉంటారు. కఠినమైన బాస్‌లను త్వరగా పడగొట్టాలనే గిల్డ్‌కు అది నిజంగానే మెరుగైన పద్ధతి, ఎందుకంటే ఏ వస్తువు ఎవరి దగ్గర ఉంటే జట్టుకు బలమో ఆలోచించి ఇవ్వవచ్చు. కాకపోతే కౌన్సిల్‌లో ఉన్న ముగ్గురూ గిల్డ్ నాయకుడి స్నేహితులే అయితే, వాళ్లు ఎంత నిజాయితీగా పంచినా ఎవరూ నమ్మరు. ప్రతి నిర్ణయానికీ ఒక వాక్యం కారణం రాసి డిస్కార్డ్‌లో అందరికీ కనబడేలా పెట్టగలిగితేనే ఆ దారిలో వెళ్లండి.

ప్రశ్న: రైడ్ చివర్లో ఆట క్రాష్ అయ్యింది. మళ్లీ తెరిచేసరికి ఆ రాత్రి లూట్ లెక్కలన్నీ యాడాన్‌లో మాయమయ్యాయి. తిరిగి రాబట్టవచ్చా? (హైదరాబాద్)

రాబట్టలేరు, ఎందుకంటే అవి డిస్కు మీదకు చేరనే లేదు. ఈ ఆటలో యాడాన్లకు ఫైళ్లను స్వయంగా రాసే అనుమతి లేదు. అవి నమోదు చేసినవన్నీ మెమరీలోనే ఉండి, మీరు లాగౌట్ అయినప్పుడో, ఆటను సక్రమంగా మూసినప్పుడో, స్లాష్ రీలోడ్ కమాండ్ ఇచ్చినప్పుడో మాత్రమే సేవ్డ్ వేరియబుల్స్ ఫోల్డర్‌లోకి వెళతాయి. క్రాష్‌లో ఈ మూడూ జరగవు. లెక్కలు రాసే వ్యక్తి ఒక్కో బాస్ లూట్ పంచగానే రీలోడ్ కొట్టడం అలవాటు చేసుకోవాలి, దానికి కొద్ది సెకన్లే పడుతుంది. ఇద్దరి కంప్యూటర్లలో యాడాన్ నడవడం ఇంకా మేలు. పోయిన రాత్రి లెక్కల కోసం రైడ్‌లో ఉన్నవారి చాట్ స్క్రీన్‌షాట్లు, వారి సంచుల్లో ఉన్న వస్తువులు చూసి చేత్తో రాసుకోవడమే మార్గం. ఆట ఫోల్డర్‌లోని డబ్ల్యూటీఎఫ్ అనే ఫోల్డర్‌ను వారానికోసారి వేరే చోట కాపీ చేసి పెట్టుకోండి. పేరు చూసి నవ్వుకుని తీసేసినవాళ్లు లేకపోలేదు గాని, మీ సెట్టింగులూ లెక్కలూ అన్నీ అందులోనే ఉంటాయి.

ప్రశ్న: నాకు లూట్ మీద ఆసక్తి లేదు, కథ కావాలి. అందరూ ఆర్థస్ కథ అంటారు గాని, ఆటలో చేరితే నన్ను డ్రాగన్ల దీవులకు పంపుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (వరంగల్)

ఆర్థస్ కథ మొదలయ్యేది ఈ ఆటలో కాదు, 2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3 అనే వ్యూహ క్రీడలో. లార్డెరాన్ యువరాజు, తన ప్రజలను కాపాడాలనే తపనతోనే తెగులు సోకిన స్ట్రాథోల్మ్ నగరవాసులను ఊచకోత కోయడం, ఉత్తర ఖండంలో ఫ్రాస్ట్‌మోర్న్ ఖడ్గం కోసం ఆత్మను పోగొట్టుకోవడం, తిరిగి వచ్చి తండ్రినే చంపడం అందులో మీ చేతుల మీదుగా జరుగుతాయి. 2003 నాటి అనుబంధంలో అతను మృతసేనల అధిపతి లిచ్ కింగ్ అవుతాడు. 2020లో దీని కొత్త ముద్రణ రీఫోర్జ్డ్ పేరుతో వచ్చింది. దానితో మొదలుపెట్టమనే నా సలహా, ఎందుకంటే ఆన్‌లైన్ ఆటలో మీరు ఆర్థస్‌ను శత్రువుగానే చూస్తారు, అతను ఆ స్థితికి ఎలా వచ్చాడో తెలిసినవారికే ఆ పోరు బరువుగా అనిపిస్తుంది.

ఆ తరువాత 2008 నాటి రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్ విస్తరణకు రండి. కొత్త ఆటలో స్టార్మ్‌విండ్, ఆర్గ్రిమార్ నగరాల్లో ఉండే క్రోమీ అనే పాత్రతో మాట్లాడితే పాత విస్తరణల కాలాన్ని ఎంచుకోవచ్చు. ముగింపు జరిగే ఐస్‌క్రౌన్ సిటడెల్ రైడ్‌ను ఎవరినీ బతిమాలకుండా ఉన్నత స్థాయి పాత్రతో ఒక్కరే పూర్తి చేయవచ్చు, ఆత్రుత లేకుండా సంభాషణలన్నీ వినవచ్చు. ఆర్థస్ పడిపోయాక బోల్వార్ అనే యోధుడు లిచ్ కింగ్ కిరీటం ధరించడం, 2020 నాటి షాడోలాండ్స్ విస్తరణలో సిల్వానస్ అనే రాణి దాన్ని రెండు ముక్కలు చేయడం ఇదే కథకు కొనసాగింపు. షాడోలాండ్స్ కథనం నాకు అంతగా రుచించలేదు, మీరు చూసి నిర్ణయించుకోండి.

ఒక హెచ్చరిక. 2010లో వచ్చిన కాటక్లిజం విస్తరణ పాత ప్రపంచపు భూభాగాలనే మార్చివేసింది, అండర్‌సిటీ కోసం జరిగిన పోరు వంటి ఘట్టాలను తొలగించింది. అందువల్ల కొన్ని చోట్ల కథ ఒక మెట్టు దాటి దూకినట్టు అనిపిస్తే లోపం మీ ఇన్‌స్టాలేషన్‌లో లేదు. ఖర్చు విషయానికొస్తే, 20వ స్థాయి దాకా ఉచితంగానే ఆడవచ్చు.

ఇక లూట్ మీద ఆసక్తి లేదన్నారు గాని, ఈ ఆటలో రెండూ విడివిడిగా లేవు. పైన విశాఖ పాఠకుడి గిల్డ్‌ను చీల్చుతున్న ఆ రెండు ముక్కలనే చూడండి. థండరాన్ అనే గాలి రాకుమారుణ్ని రాగ్నరోస్ మింగివేయగా మిగిలిన సారాన్ని బంధించి, రెండు ముక్కలు చేసి, గార్‌కూ గెడాన్‌కూ ఇచ్చాడని కథ చెబుతుంది. ఆ ఇద్దరి దగ్గరే అవి దొరకడానికి కారణం అదే, రెండూ కలిపినవాడు ముందుగా థండరాన్‌తోనే తలపడవలసి రావడానికీ అదే కారణం.

ప్రశ్న: మా రైడ్‌లో వస్తువులను ఆటలోని బంగారానికి వేలం వేస్తారు. నా దగ్గర బంగారం లేదు. ఒకరు టెలిగ్రామ్‌లో యూపీఐ ద్వారా చవకగా అమ్ముతానంటున్నారు. తీసుకోవచ్చా? (గుంటూరు)

తీసుకోకండి. మీరు చెబుతున్న పద్ధతిని జీడీకేపీ అంటారు. వేలంలో వచ్చిన బంగారాన్ని చివర్లో రైడ్‌లో ఉన్నవారందరూ పంచుకుంటారు కాబట్టి, వస్తువు దక్కనివాడు కూడా ఉత్త చేతులతో వెళ్లడు. ఆలోచనగా చూస్తే ఇందులో తప్పు లేదు. అయితే ఎక్కువ పాడాలంటే ఎక్కువ బంగారం కావాలి, ఆ బంగారాన్ని బాట్‌లతో (మనిషి లేకుండా ఆడే ప్రోగ్రాములతో) తవ్వి అసలు డబ్బుకు అమ్మేవారు చుట్టూ చేరారు. ఈ కారణం చేతనే క్లాసిక్‌లోని సీజన్ ఆఫ్ డిస్కవరీ సర్వర్లలో 2024 ఫిబ్రవరి నుంచి, ఆ ఏడాది నవంబరులో తెరిచిన యానివర్సరీ సర్వర్లలో మొదటినుంచీ జీడీకేపీని బ్లిజార్డ్ నిషేధించింది. మీరు ఆ సర్వర్లలో ఉంటే వేలమే నియమ విరుద్ధం.

బయటివారి నుంచి బంగారం కొనడం మాత్రం ఏ సర్వర్‌లోనైనా ఖాతా నిలిపివేతకు దారితీసే పనే. కొత్త ఆటలో అయితే 2015 నుంచి బంగారం కొనడానికి వావ్ టోకెన్ అనే అధికారిక మార్గం ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, యూపీఐలో మీరు పంపిన డబ్బు వెనక్కి రావడం కష్టం, అవతలివాడు బంగారం ఇవ్వకపోతే ఆట కంపెనీ దగ్గర మీరు ఫిర్యాదు కూడా చేయలేరు. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. ఆ అమ్మకందారుకు బాటిల్‌నెట్ (బ్లిజార్డ్ ఖాతా) ఈమెయిల్, పాస్‌వర్డ్ వంటివి ఏవైనా ఇచ్చి ఉంటే పాస్‌వర్డ్ మార్చి, ఫోన్‌లో అథెంటికేటర్ (లాగిన్‌కు అదనపు ధ్రువీకరణ అడిగే యాప్) పెట్టుకోండి.

ప్రశ్న: నాది 200 మిల్లీసెకన్లకు పైగా పింగ్ (సర్వర్‌కు సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం). అందుకే నా రోల్స్ (వస్తువు ఎవరికో తేల్చే అంకెల లాటరీ) ఎప్పుడూ ఓడిపోతున్నాయని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా? (తిరుపతి)

కాదు. 1 నుంచి 100 వరకు వచ్చే ఆ అంకెను ఎంచేది సర్వర్, మీ కంప్యూటర్ కాదు. గడువులోగా మీరు నీడ్ (నాకు కావాలి అనే బటన్) నొక్కడమే చాలు, ముందు నొక్కినవాడికి అదనపు లాభం లేదు. అయిదుగురు పోటీపడే వస్తువుకు ఒక్కొక్కరి అవకాశం 20 శాతం, కాబట్టి వరుసగా పదిసార్లు ఓడిపోయే అవకాశం సుమారు 11 శాతం ఉంటుంది. అంటే పెద్ద గిల్డ్‌లో మీలాంటివారు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు.

పింగ్ సంగతి వేరు. మీరు ఆడేది ఓషియానియా సర్వర్లలో అయితే, అవి 2014 నుంచి సిడ్నీలో ఉన్నాయి. మన ప్రాంతం నుంచి అక్కడికి సుమారు 9,500 కిలోమీటర్లు, ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది, కనుక కేబుల్ సరళరేఖలో వేసినా రానూపోనూ 95 మిల్లీసెకన్ల కంటే తగ్గదు. ఏ ప్లాన్ కొన్నా ఆ మొత్తం మారదు. మిగిలిన వందలో కొంత మీ ఇంటి వైఫైది కావచ్చు కాబట్టి, కొత్త కనెక్షన్‌కు డబ్బు పెట్టే ముందు రౌటర్‌కు నేరుగా కేబుల్ తగిలించి, ఒక సాయంత్రం రైడ్ వేళలో పింగ్ ఎంత ఉందో చూడండి.