మాటల జతలు నేర్పడం ఎలా?

ప్రశ్న: మా డిగ్రీ విద్యార్థుల్లో కొందరి ఇంటి భాష తెలుగు, మరికొందరిది ఒడియా. ఇంగ్లీషు వ్యాకరణం బాగా వచ్చినా, వారి వాక్యాల్లో మాటలు ఒకదానితో ఒకటి అతకవు. కొలొకేషన్ల (సహజంగా కలిసి వచ్చే మాటల జతల) జాబితాలు కంఠస్థం చేయించినా రాతలోకి రావడం లేదు. ఏం చేయాలి?
– ఒక అధ్యాపకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ముందుగా ఆ జాబితాలను పక్కన పెట్టండి. మీకు కావలసిన సామగ్రి విద్యార్థుల జవాబు పత్రాల్లోనే ఉంది. తెలుగులో పరీక్ష రాస్తాం కనుక మన పిల్లలు ‘రైట్ యాన్ ఎగ్జామ్’ అంటారు. ఒడియాలో పరీక్ష ‘ఇస్తారు’ కనుక పక్క బల్లమీది వారు ‘గివ్ యాన్ ఎగ్జామ్’ అంటారు. బ్రిటిష్ ఇంగ్లీషులో వాడుక ‘టేక్’ లేదా ‘సిట్’. (మన దేశంలో ఇంతగా పాతుకుపోయిన ‘రైట్’కు మార్కులు తగ్గించడం నాకు సమ్మతం కాదు.) ఇంటి భాషకూ ఇంగ్లీషుకూ పొంతన కుదరని ఇలాంటి జతలకే తరగతి సమయం కేటాయించండి, రెండింటిలోనూ ఒకేలా ఉండేవాటిని వదిలేయండి.

ఈ స్థాయి వారికి అసలు చిక్కు తెలిసిన మాటలతోనే. ‘కాజ్’ అర్థం అందరికీ తెలుసు. అయితే దాని వెంట సాధారణంగా నష్టం, ఆలస్యం, ప్రమాదం వంటి చెడ్డవే వస్తాయని గమనించని విద్యార్థి, కొత్త రోడ్డు అభివృద్ధిని ‘కాజ్’ చేసిందని రాస్తాడు. మాటను దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలని 1957లో రాసిన బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ ఉద్దేశం ఇదే. ఆయన తెలుగు మీద కూడా పరిశోధన చేశారన్నది మీ తరగతికి ఆసక్తి కలిగించవచ్చు.

బోధనను నామవాచకం నుంచి మొదలుపెట్టండి. ఉదాహరణకు ‘కన్‌క్లూజన్’ను తీసుకుంటే, ఆధారాలను బట్టి తేల్చడం ‘డ్రా’, చర్చించి ఒక నిర్ణయానికి రావడం ‘రీచ్’, తొందరపడి తేల్చేయడం ‘జంప్ టు’ అవుతాయి. చదివిన వ్యాసంలోంచి ఇటువంటి క్రియలను తొలగించి, రెండు రోజుల తర్వాత అదే వ్యాసం ఇచ్చి పూరించమనండి. పాఠం గుర్తుంటుంది గనుక వారి దృష్టి అంతా జత మీదే నిలుస్తుంది. సొంత వ్యాసాలు దిద్దేటప్పుడు తప్పు మాట ఒక్కదాని కింద కాక జత మొత్తం కింద గీత గీసి, సరైన జతను కొలొకేషన్ నిఘంటువులో వారినే వెతుక్కోనివ్వండి.