మాజీ సైనికుడు నిద్రలో కేకలు వేసి లేస్తుంటే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

తట్టి లేపకండి. కలలోనే ఉన్న మనిషి తెలియకుండా చెయ్యి విసరొచ్చు. లైటు వేసి, చేతికందనంత దూరం నుంచి పేరుపెట్టి పిలవండి, ఇంట్లోనే ఉన్నారని చెప్పండి.

ఎక్కువమంది పొరబడేది పగటిపూట. ఆయన కంగారుపడతారని వేడుకలు, బజారు, చుట్టాల రాకపోకలు ఇంటిల్లిపాదీ మానేస్తారు. ప్రేమతో చేసే పనే, కానీ తప్పించుకునేకొద్దీ భయం ముదురుతుంది. కాసేపే అయినా కలిసి వెళ్లండి.

ఇలా నెల దాటితే పీటీఎస్‌డీ (యుద్ధం లాంటి ఘోర అనుభవాలు తర్వాత కూడా మనసును వెంటాడే జబ్బు) కావచ్చు, మానసిక వైద్యులకు చూపించండి. దానికి చేసే మాటల చికిత్స సాధారణంగా 8 నుంచి 16 సిట్టింగులు. మొదటి వారాల్లో కలత పెరిగినట్టనిపించి చాలామంది మానేస్తారు. మీ తోడు అప్పుడే ఎక్కువ అవసరం.

చావు మాట ఎత్తితే తుపాకీ, మాత్రలు ఇంట్లో ఉంచకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.