చిన్నాకి, ఆ వారం మా ఇంట్లోనే ఉండు

చిన్నా,

నువ్వు మందు మానడానికి అమలాపురంలో మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లావని నిన్న రాత్రి లక్ష్మి ఫోన్ చేసి చెప్పింది. చెబుతూనే ఏడ్చేసింది పిచ్చిపిల్ల. నాకూ కన్నీళ్లు ఆగలేదు. మన ఇంట్లో మగవాళ్లెవరూ "నా వల్ల కావట్లేదు, వైద్యం చేయండి" అని తమంతట తాము వెళ్లి అడగలేదురా. నువ్వు అడిగావు. గర్వంగా ఉంది.

కానీ ఆసుపత్రిలో చేరక్కర్లేదు, ఇంటి దగ్గరే మాత్రలు వాడుతూ రోజూ వచ్చి చూపించుకోమన్నారట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

ఇంట్లో ఉండి మానడం తప్పు కాదు. చాలామందికి అది సరిపోతుంది. వణుకు, ఫిట్స్ రాకుండా క్లోర్‌డయాజెపాక్సైడో డయాజెపామో ఇస్తారు, లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకైతే లోరాజెపామ్. మొదట్లో ఎక్కువ డోసు, తర్వాత రోజురోజుకీ తగ్గిస్తూ వారంలో ఆపేస్తారు. అయితే అది ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ రానివాళ్లకి, మతి తప్పనివాళ్లకి, పక్కన చూసుకునే మనిషి ఉన్నవాళ్లకి మాత్రమే. ఏమైనా అయితే వెంటనే ఆసుపత్రికి చేరగలగాలి కూడా. ఇవన్నీ అడిగినప్పుడు డాక్టరుకి నిజం చెప్పావా? రోజుకి క్వార్టర్ అన్నావట. చెరువు గట్టు మీద షెడ్డులో తాగేది లెక్కలోకి రాదనుకున్నావా? పోయినేడు మాల వేసుకున్నప్పుడు రెండో రోజు నీ చేతిలో మంచినీళ్ల గ్లాసు నిలవలేదట. ఆ సంగతి చెప్పావా? రేపే వెళ్లి చెప్పు. నువ్వు చెప్పిన లెక్కని బట్టే ఆయన డోసు వేస్తాడు. మానడం, మళ్లీ మొదలెట్టడం, ఇలా ఎన్నిసార్లు జరిగితే ఫిట్స్ వచ్చే ప్రమాదం అంత పెరుగుతుంది.

మీ నాన్న, అదే మా అన్నయ్య సంగతి నీకెవరూ సరిగ్గా చెప్పలేదు. నువ్వప్పుడు చిన్నపిల్లాడివి. 1996 నవంబరు 6 తుఫానుకి మన కొబ్బరితోట నేలమట్టమైంది. అంతకుముందు పండగకీ పబ్బానికీ తాగే మనిషి, ఆ తర్వాత పొద్దున్నే మొదలెట్టేవాడు. అప్పుడు మద్యనిషేధం. అయినా గోదావరి దాటితే యానాం, అది పాండిచ్చేరి కిందికి వస్తుంది కదా, అక్కడి సరుక్కి లోటు లేదు. మరుసటేడు కార్తీకంలో మాల వేసుకుంటానన్నాడు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. మాల వేసుకున్న రోజు నుంచి చుక్క ముట్టలేదు.

రెండో రోజు సాయంత్రం ఫిట్స్ వచ్చాయి. దీక్షలో ఏదో లోపం జరిగింది, స్వామికి కోపమొచ్చిందన్నారు. దిష్టి తీశారు, నిమ్మకాయలు కోశారు. నేనప్పుడు కాకినాడలో ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను, నాకు కబురే పంపలేదు. మూడో రాత్రి ఆయన అరుగు మీద కూర్చుని కూలిపోయిన చెట్లు లెక్కపెట్టడం మొదలెట్టాడట. దింపు కార్మికుల్ని పేరుపేరునా పిలిచి, "ఒరేయ్, అది పడుతోంది, తప్పుకోండ్రా" అని అరిచాడట. ఎదురుగా ఎవరూ లేరు. దుప్పటిని రెండు చేతులా పట్టుకుని కాయ డొక్క వలిచినట్టు పీకుతూనే ఉన్నాడట. నీరసమని ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిచి గ్లూకోజు ఎక్కించారు. మన ఊరు ఏటి మధ్య లంక కదా, తెల్లారాక పడవలో గట్టు దాటించి, కారులో ఎదుర్లంక రేవుకి తెచ్చి గోదావరి దాటించే పంటు ఎక్కించారు. ఇప్పుడంటే బాలయోగి గారి పేరు మీద వంతెన ఉంది, అప్పుడు కాకినాడ వెళ్లాలంటే పంటే దిక్కు. యానాం రేవులో నేను ఎదురుచూస్తున్నాను. అన్నయ్య నన్ను "అమ్మా" అని పిలిచాడు. కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. నిలబెడితే నిలబడలేడు.

ఏళ్ల తరబడి మందు మెదడుని అణిచిపెడితే, తట్టుకోడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆపేస్తే ఆ వేగానికి పగ్గం ఉండదు. కొన్ని గంటల్లో వణుకు, చెమట మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. మతి తప్పడం రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు. ఇది ప్రాణాలు తీసే జబ్బు. పైగా బాగా తాగేవాళ్లకి ఒంట్లో బి1 విటమిన్ తగ్గిపోతుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. మీ నాన్న బతికాడు, మళ్లీ జన్మలో తాగలేదు. కానీ నీదే క్లాసని రోజూ అడిగేవాడు గుర్తుందా? చెప్పిందే చెబుతున్నాడని నువ్వు విసుక్కునేవాడివి. అది ఆయన స్వభావం కాదు నాన్నా. ఆ రాత్రి పోయిన జ్ఞాపకం మరి తిరిగి రాలేదు.

అందుకే చెబుతున్నా, ఆ వారం లంకలో ఉండొద్దు. చీకటి పడితే మీకు పడవ లేదు, 108 వచ్చినా అవతలి గట్టునే ఆగిపోవాలి. అమలాపురం మా ఇంటికి వచ్చెయ్. నీరసమనిపిస్తే ఎవరి దగ్గరా సెలైన్ పెట్టించుకోకు, ముందు బి1 ఇంజెక్షన్ గురించి డాక్టర్ని అడుగు. మాత్రలు లక్ష్మి చేతిలో ఉండాలి. వాటి మీద మందు పడితే ఊపిరి ఆగిపోవచ్చు, తాగితే దాచకుండా చెప్పు, నేను తిట్టను. బండి నడపకు. వేళకి తిను. రాత్రిపూట చెరువులో గాలి కలిపే ఏరేటర్లు చూడ్డానికి వేరే మనిషిని పెట్టు.

మీ అమ్మకి నా మాటగా ఒకటి చెప్పు. రుచీ వాసనా లేని పొడి ఏదో అన్నంలో కలిపి పెడితే మానేస్తారని ఎవరో చెప్పారట. అలాంటి వాటిలో డైసల్ఫిరామ్ ఉంటే, తెలియకుండా తిని తాగినవాడికి బీపీ పడిపోయి గుండె మీదికి వస్తుంది. అది మంచి మాత్రే, కానీ మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చెప్పాక వేసుకోవాలి. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది. వదిన బాధ నాకు తెలుసు, అయినా ఈ పని చేయనివ్వకు.

ఈ వారంతో ఒంట్లోంచి మందు పోతుంది, కోరిక పోదు. దానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి ఉన్నాయి, కౌన్సెలింగ్ ఉంది. వాటికి నెలల తరబడి తిరగాలి, బద్ధకించకు. ఈ సంక్రాంతికి మాత్రం కోడిపందేల బరుల దగ్గరికి వెళ్లొద్దు. పందెం కాయకపోయినా సరే, వెళ్లొద్దు. మాల మళ్లీ వేసుకుందువుగాని, స్వామి ఎక్కడికీ పోడు, ముందు ఒళ్లు కుదుటపడనీ.

లక్ష్మి ఫోన్‌లో 14446 నంబరు వేసి పెట్టమను, వ్యసనాల గురించి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ అది. మనసు బాగోకపోతే 14416 కూడా ఉంది.

సోమవారం పొద్దున్నే బయల్దేరండి. పిల్లల్ని వదిన దగ్గర ఉంచండి. ముందుగదిలో నీకు మంచం వేయించాను, బీపీ మిషన్‌కి కొత్త బ్యాటరీలు వేశాను. బాత్‌రూమ్ తలుపుకి లోపలి గడియ తీయించేశాను, మొహమాటపడకు, లోపల పడిపోతే మేం తలుపు బద్దలుకొట్టే పని ఉండకూడదని. మందుల చీటీ ఫోటో తీసి ఈ సాయంత్రమే నాకు పంపు.

మీ అత్త