ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరితే పైలట్ అవుతారా?

"మావాడు తిరుపతిలో ఇంటర్ ఎంపీసీ ముగించాడు. డిగ్రీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరతానని పట్టుబట్టాడు. పైలట్ అవుతాడా? మధ్యలో మిలిటరీకి పట్టుకుపోరు కదా? చదువు పాడవుతుందా?" అని మీరు అడిగారు. ఎన్‌సీసీ అంటే నేషనల్ క్యాడెట్ కోర్, విద్యార్థులకు సైనిక తరహా శిక్షణ ఇచ్చేది. అందులో వైమానిక దళం వైపు విభాగం ఎయిర్ వింగ్. నేను ఇదే ఊళ్లో మూడేళ్లు ఎయిర్ వింగ్‌లో ఉన్నాను కాబట్టి చెప్తున్నా.

ముందు భయం సంగతి. ఎవరూ పట్టుకుపోరు. 1948లో చట్టం చేసి ఎన్‌సీసీ పెట్టినప్పటి నుంచీ అందులో చేరడం పిల్లల ఇష్టమే. సైన్యంలో పనిచేస్తానని బాండ్ ఏమీ రాయించుకోరు. మా నాయన సంతకం పెట్టడానికి వారం రోజులు తిప్పించుకున్నాడు. "ఊరికే గుడ్డలిస్తార్రా ఎవురైనా? రేపు యుద్ధమొస్తే తోలుకుపోయేదానికే" అన్నది ఆయన వాదన. చివరికి మా వీధిలో ఉండే రిటైర్డ్ హవల్దార్ గారు వచ్చి చెప్తే గానీ నమ్మలేదు.

కాలేజీలో సీటు తీసుకునే ముందే అక్కడ ఏ వింగ్ ఉందో కనుక్కోండి. అసలు కిటుకు ఇదే. అన్ని కాలేజీల్లోనూ ఎయిర్ వింగ్ ఉండదు, ఎక్కువ చోట్ల ఆర్మీ వింగే. నేనూ మా స్నేహితుడూ సైకిల్ మీద కాలేజీ కాలేజీ తిరిగాం. ఆఫీసులో అడిగితే "ఎన్‌సీసీ ఉంది బాబూ, చేరిపో" అంటారే తప్ప ఏ వింగో వాళ్లకే తెలియదు. అందుకని గోడ మీద రిపబ్లిక్ డే ఫోటోలు చూసేవాళ్లం. ఖాకీ అయితే ఆర్మీ, తెలుపు అయితే నేవీ, లేత నీలం చొక్కా అయితే ఎయిర్. అలా ఫోటో చూసి కాలేజీ ఎంచుకున్నవాళ్లు మేమిద్దరమేనేమో!

సెలెక్షన్‌లో పరిగెత్తిస్తారు, ఎత్తు చూస్తారు, నాలుగు ప్రశ్నలు అడుగుతారు. నేను నెల ముందు నుంచి పొద్దున్నే అలిపిరి గరుడ విగ్రహం దాకా పరిగెత్తి వచ్చేవాడిని. అదే కాపాడింది.

చేరాక మొదటి దెబ్బ హిందీ. డ్రిల్ ఆర్డర్లన్నీ హిందీలోనే. "దాహినే ముడ్" అంటే కుడికి తిరగాలి. నేను ఎడమకి తిరిగి పక్కవాడి ముక్కుకి ముక్కు ఆనించి నిలబడ్డాను. మైదానమంతా నవ్వు. మీవాడికి సావధాన్, విశ్రామ్, దాహినే, బాయే, పీఛే అన్న ఐదు ముక్కలు ఇప్పుడే నేర్పించండి.

ఇక ఎగరడం గురించి. ఎయిర్ వింగ్‌లో ఎగరడం నేర్పి లైసెన్స్ ఇస్తారనుకుంటే నిరాశే. మైక్రోలైట్ అనే రెండు సీట్ల చిన్న విమానంలో తీసుకెళ్తారు గానీ అది ఉన్న చోటే, వంతు వస్తేనే. మూడేళ్లలో నా వంతు ఒక్కసారే వచ్చింది, అదీ వేరే ఊరి క్యాంపులో, 15 నిమిషాలు. ఎక్కువ సమయం క్లాసుల్లోనే గడుస్తుంది: విమానం ఎలా లేస్తుంది, ఇంజిన్, వాతావరణం, దారి కనుక్కోవడం, విమానాల్ని ఆకారం చూసి గుర్తుపట్టడం.

నాకు బాగా నచ్చింది ఏరోమోడలింగ్, అంటే చిన్న చిన్న విమాన నమూనాలు చేసి ఎగరేయడం. బాల్సా చెక్క పట్టుకుంటే అట్టముక్క కంటే తేలిక. ఉప్పుకాగితంతో రెక్క అంచు రుద్ది రుద్ది వేళ్లు మండేవి. నా మొదటి గ్లైడర్ విసరగానే ముక్కు పైకెత్తి, ఒక్క క్షణం ఆగి, తోక మీద కూలింది. సార్ చిటికెడు బంకమట్టి ముక్కుకి అంటించి మళ్లీ విసరమన్నారు. ఈసారి కొండ వైపు నుంచి వచ్చే గాలి మీద నెమ్మదిగా జారుకుంటూ వెళ్లి గోడ దగ్గర దిగింది. బరువు కేంద్రం అంటే ఏమిటో ఇంటర్ ఫిజిక్స్‌లో బట్టీ పట్టాను, అర్థమైంది మాత్రం ఆ రోజే.

చదువంటారా, జాగ్రత్తగా ఉండాలి. ఎన్‌సీసీ పరేడ్లకు 75 శాతం హాజరు లేకపోతే ఎన్‌సీసీ సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోనివ్వరు. 'బి' సర్టిఫికెట్‌కి కనీసం ఒక క్యాంపు, దానిపైన ఉండే 'సి'కి రెండు ఉండాలి. నా రెండో క్యాంపు సరిగ్గా ఇంటర్నల్స్ మీద పడింది. లేఖ ఇచ్చినా ఒక సబ్జెక్టులో సున్నా వేశారు. క్యాంపుకి వెళ్లే ముందే లెటర్ ఇచ్చి, రసీదు కాపీ దగ్గర ఉంచుకోమనండి.

పైలట్ ప్రశ్నకి వస్తే, దారి ఉంది. ఎయిర్ వింగ్ సీనియర్ డివిజన్ (కాలేజీ అబ్బాయిల విభాగం) 'సి' సర్టిఫికెట్ ఉంటే వైమానిక దళం ఫ్లయింగ్ బ్రాంచికి, అంటే పైలట్ల విభాగానికి, రాత పరీక్ష లేకుండా నేరుగా ఏఎఫ్‌ఎస్‌బీ (వైమానిక దళ ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ చదివి ఉండాలి, మీవాడిది ఎంపీసీ కాబట్టి ఆ ఇబ్బంది లేదు. అయితే తప్పేది రాత పరీక్ష ఒక్కటే. పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష జన్మలో ఒక్కసారే రాయనిస్తారు, మెడికల్ కూడా గట్టిగా ఉంటుంది. నేను ఆ ఇంటర్వ్యూకి మైసూరు వెళ్లి మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే (తొలి వడపోతలోనే) బయటికొచ్చాను. సాయంత్రం బస్సెక్కేశాను. ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం.

అడ్మిషన్లు మొదలైన వారంలోనే ఎన్‌సీసీ ఆఫీసర్‌గా ఉండే లెక్చరర్‌ని కలవండి. సీట్లు తక్కువ, త్వరగా నిండిపోతాయి. పరుగు మాత్రం రేపటి నుంచే మొదలుపెట్టించండి.