"తెలియదు" అనే మాటకు చోటులేని దుకాణాలు

ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో పనిచేసేవారికి తాము అమ్మే వస్తువుల గురించి కనీస అవగాహన కూడా ఎందుకు ఉండదని, అలాంటి చోట నష్టపోతే కొనుగోలుదారు ఏం చేయాలని మీరు అడిగారు. నేను ఈ సమస్యను కౌంటరుకు రెండు వైపుల నుంచీ చూశాను. చదువు ముగిసిన కొత్తలో పద్నాలుగు నెలలపాటు ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణంలో, కంప్యూటర్ల విభాగంలో అమ్మకాల పని చేశాను. ఆ తర్వాత అందరిలాగే కొనుగోలుదారుగా వెళ్తున్నాను. అందుకని ఈ జవాబు కొంత పొడుగ్గానే ఉంటుంది.

ముందు ఇటీవలి అనుభవం చెబుతాను. ఇంటి నుంచి చేసే పనికి ఒక మానిటర్ కావలసి వచ్చింది. ల్యాప్‌టాప్‌కు ఒకే తీగ తగిలిస్తే బొమ్మ మానిటర్ మీదికి రావాలి, అదే తీగతో ల్యాప్‌టాప్ ఛార్జ్ కూడా కావాలి అన్నది నా అవసరం. ల్యాప్‌టాప్ మోడల్ నంబరును కాగితం మీద రాసుకుని వెళ్ళి, దీనిలోని టైప్-సీ పోర్టు నుంచి డిస్‌ప్లే వస్తుందా అని అడిగాను. అక్కడి యువకుడు కాగితం వైపు చూడకుండానే, "టైప్-సీ అంటే అన్నీ వస్తాయి సార్, అందుకే ఈ మానిటర్ ధర ఎక్కువ" అన్నాడు. ఎక్కడైనా చూసి చెప్పగలరా అని మళ్ళీ అడిగితే, "రోజూ అమ్మేదే కదా సార్" అంటూ పెట్టె తెప్పించాడు. ఇంటికి తెచ్చి తగిలిస్తే, సిగ్నల్ లేదన్న అక్షరాలు తప్ప ఆ తెర మీద మరేమీ కనబడలేదు. ఛార్జింగూ కాలేదు.

తర్వాత తెలుసుకున్నదేమిటంటే, టైప్-సీ అనేది ఆ రంధ్రం ఆకారానికి పేరు మాత్రమే. ఆ ఆకారం వెనుక డేటా మాత్రమే ఉండవచ్చు, డేటాతోపాటు బొమ్మా విద్యుత్తూ కూడా ఉండవచ్చు. ఏవేవి ఉంచాలన్నది తయారీదారు నిర్ణయం. బొమ్మను పంపే ఏర్పాటును డిస్‌ప్లేపోర్ట్ ఆల్టర్నేట్ మోడ్ అంటారు. వెసా అనే ప్రమాణాల సంస్థ దాన్ని 2014లోనే ప్రకటించింది, కానీ ప్రతి పోర్టులోనూ అది ఉండి తీరాలన్న నియమం లేదు. నా ల్యాప్‌టాప్ పోర్టు కేవలం డేటాకు పరిమితమైనదని తయారీదారు వెబ్‌సైటులోని వివరాల పట్టికలో ఒకే ఒక్క వరుసలో స్పష్టంగా రాసి ఉంది. నేనే ముందుగా చూసుకుని ఉండవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. అయితే ఏ పట్టికలో ఏ మాట వెతకాలో తెలియనివారు అడిగి తెలుసుకోవడానికే కదా, మనుషులు నిలబడి ఉండే దుకాణానికి వెళ్ళేది?

మర్నాడు పెట్టెతో సహా వెళ్ళాను. మానిటర్‌లో లోపం లేదు కాబట్టి, సీలు తెరిచారు కాబట్టి వెనక్కి తీసుకోలేమని, కావాలంటే సర్వీస్ సెంటరుకు వెళ్ళమని చెప్పారు. లోపమే లేని వస్తువును సర్వీస్ సెంటరు వారు మాత్రం ఏం చేస్తారు? మాట ఇచ్చిన యువకుడు ఆ రోజు సెలవులో ఉన్నాడు. ముగ్గురితో మూడుసార్లు మొదటి నుంచి కథంతా చెప్పవలసి వచ్చింది, మూడోవారు నేను మాట్లాడుతుండగానే మరొకరికి ఫోన్ కవర్ చూపించడం మొదలుపెట్టారు. నన్ను ఎక్కువగా బాధపెట్టినది డబ్బు కాదు. ఆ యువకుడికి విషయం తెలిసి ఉంటే, టైప్-సీ లేని అంతే పరిమాణం గల మానిటర్‌ను బొమ్మను, శబ్దాన్ని పంపే ఒక హెచ్‌డీఎంఐ తీగతో కలిపి నాకు తక్కువ ధరకు అమ్మి ఉండేవాడు, నేను సంతోషంగా తీసుకుని వెళ్ళేవాడిని. ఇప్పుడూ నేను కొన్న ఆ మానిటర్‌ను హెచ్‌డీఎంఐ తీగతోనే వాడుతున్నాను, ఛార్జర్ వేరుగా పెట్టుకుని.

అయినా ఆ యువకుడి మీద నాకు కోపం లేదు. అతని స్థానంలో నేనూ నిలబడ్డాను. మాకు మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. అందులో ఒక రోజు పూర్తిగా ఎక్స్‌టెండెడ్ వారంటీని ఎలా అమ్మాలన్నదానికే సరిపోయింది. మిగిలిన సమయం బిల్లింగ్, వాయిదాల పథకాలు, వచ్చినవారిని పలకరించే పద్ధతి వంటివాటికి పోయింది. వస్తువుల గురించి చెప్పడానికి కంపెనీల ప్రతినిధులు అప్పుడప్పుడు ఒక గంటసేపు వచ్చేవారు, తమ వస్తువులో కొత్తగా చేర్చినవి చెప్పేవారు తప్ప అది దేనితో పనిచేయదో ఎన్నడూ చెప్పేవారు కాదు. ప్రతి ఉదయం షట్టరు తీయకముందు జరిగే మీటింగులో నిన్న ఎవరు ఎన్ని వారంటీలు అమ్మారు, ఎన్ని తీగలు, సంచులు, యాంటీవైరస్‌లు అంటగట్టారు అని పేరుపేరునా చదివేవారు. నిన్న ఎన్ని పెట్టెలు వెనక్కి వచ్చాయి, ఎందుకు వచ్చాయి అని ఆ పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఎవరూ చదవగా నేను వినలేదు. దేన్ని లెక్కిస్తారో మనిషి దాన్నే నేర్చుకుంటాడు. మేము వారంటీల గురించి బాగానే నేర్చుకున్నాం.

అక్కడ జరిగిన ఒక సంఘటన నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక నడివయసు ఆయన ఒక టెరాబైటు హార్డ్ డిస్కు కొనుక్కుని వెళ్ళి, మర్నాడే తిరిగి వచ్చారు. పెట్టె మీద 1000 జీబీ అని ఉంది, కంప్యూటరులో 931 అని చూపిస్తోంది, మిగిలింది ఏమైంది అని అడిగారు. చాలా న్యాయమైన ప్రశ్న. మాలో ఎవరికీ జవాబు తెలియదు. లోపల సాఫ్ట్‌వేర్ ఉంటుందని ఒకరు, ఫార్మాట్ చేస్తే సరిపోతుందని ఇంకొకరు చెప్పారు. నేను ఏమీ మాట్లాడకుండా పక్కనే నిలబడ్డాను. మేనేజరు వేరే పీస్ ఇప్పించారు. అందులోనూ 931 వచ్చింది. మళ్ళీ వచ్చినప్పుడు డబ్బు తిరిగి ఇచ్చేశారు. ఆయన మేమంతా కలిసి నకిలీ సరుకు అమ్ముతున్నామన్న నమ్మకంతోనే వెళ్ళిపోయారు. అసలు సంగతి ఏమిటంటే, తయారీదారులు ఒక టెరాబైటును లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తారు, విండోస్ ఆ సంఖ్యను 1024ను మూడుసార్లు వేసి గుణిస్తే వచ్చే 107,37,41,824తో భాగించి, వచ్చిన 931ని జీబీగా చూపిస్తుంది. డిస్కులో ఒక్క బైటు కూడా తగ్గలేదు. ఈ రెండు వాక్యాలు మాలో ఒక్కరికి తెలిసి ఉన్నా రెండో పెట్టె తెరవవలసిన అవసరం ఉండేది కాదు, ఒక మనిషికి మా మీద నమ్మకం పోయేది కాదు.

తెలిసినవారు లేకపోలేదు. మా విభాగంలో అందరికంటే వయసులో పెద్దవారు ఒకరు ఉండేవారు, మేమంతా ఆయనను మాస్టారూ అని పిలిచేవాళ్ళం. ఎవరు ఏది అడిగినా ఆయన ముందుగా వేసే ప్రశ్న, "ఇంట్లో దీన్ని దేనికి తగిలిస్తారండీ?" అన్నదే. ప్రింటర్ కోసం వచ్చినవారిని నెలకు ఎన్ని కాగితాలు ముద్రిస్తారని అడిగేవారు. రెండు నెలలకొకసారి నాలుగు కాగితాలు తీసుకునేవారికి ఇంక్‌జెట్ వద్దని, వాడకుండా ఉంచితే సిరా ఎండి దాన్ని చిమ్మే సన్నని రంధ్రాలు (నాజిళ్ళు) మూసుకుపోతాయని, లేజర్ ప్రింటర్‌లో ఉండేది పొడి టోనరు కాబట్టి ఆ బెడద లేదని ఓపికగా వివరించేవారు. తెలియని విషయం ఎదురైతే, "నాకు తెలియదండీ, ఒక్క నిమిషం ఆగండి" అని వారి ముందే మాన్యువల్ తెరిచి వెతికేవారు. ఆ దుకాణంలో ఆ మాటను ఇంకెవరి నోటా నేను వినలేదు, నా నోట కూడా. ఆయన అమ్మినవి వెనక్కి రావడం చాలా అరుదు. కానీ ఒక్కొక్కరి దగ్గర ఎక్కువ సమయం తీసుకుంటున్నారని, వారంటీల టార్గెట్ అందుకోవడం లేదని ఆయనను గోడౌనుకు మార్చారు. ఆ తర్వాత కొద్ది వారాలకే నేను పని మానేశాను.

ఇది ఒక్క దుకాణం కథ కాదు. అమెరికాలో సర్క్యూట్ సిటీ అనే పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ 2007 మార్చిలో సుమారు 3,400 మంది దుకాణ సిబ్బందిని, మార్కెట్‌లో ఉన్నదానికంటే ఎక్కువ జీతం తీసుకుంటున్నారన్న కారణం చూపి తొలగించి, ఆ స్థానాల్లోకి తక్కువ జీతానికి కొత్తవారిని తీసుకుంది. ఎక్కువ జీతం తీసుకునేవారిలో సహజంగానే అనుభవం ఉన్నవారు ఎక్కువ. 2008 నవంబరులో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది, 2009 మార్చి నాటికి అమెరికాలోని దాని దుకాణాలన్నీ మూతపడ్డాయి. ఆర్థిక సంక్షోభం, పోటీ వంటి కారణాలు కూడా ఉన్నాయి కాబట్టి సిబ్బందిని తొలగించడమే పతనానికి మూలమని నేను అనను. కానీ ఆన్‌లైన్‌లో దొరకనిది, దుకాణంలో మాత్రమే దొరికేది ఒకటుందంటే అది ఎదుట నిలబడి మన అవసరాన్ని అర్థం చేసుకోగల మనిషే. ఆ మనిషిని ఖర్చుగా లెక్కవేసే యాజమాన్యం తాను అమ్ముతున్నది ఏమిటో తనకే తెలియని స్థితిలో ఉన్నట్లు నేను భావిస్తాను.

సిబ్బంది వైపు నుంచి ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. పేర్లు పెట్టే ప్రమాణాల సంస్థలే అయోమయాన్ని పెంచుతున్నాయి. యూఎస్‌బీ 3.0గా వచ్చినదాన్నే తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు. మూడు పేర్లలోనూ వేగం సెకనుకు అవే 5 గిగాబిట్లు. హెచ్‌డీఎంఐ 2.1 అన్న ముద్ర ఉన్నంత మాత్రాన 4కే బొమ్మ సెకనుకు 120 ఫ్రేములతో వస్తుందన్న హామీ లేదు, ఎందుకంటే ఆ ప్రమాణంలోని కొత్త సౌకర్యాలలో చాలావరకు ఐచ్ఛికం. ఒకే టీవీలో ఒక పోర్టుకు ఆ సామర్థ్యం ఉండి, పక్క పోర్టుకు లేకపోవడం కూడా మామూలే. ఇదంతా తక్కువ జీతానికి కొత్తగా చేరిన కుర్రవాడు తనంతట తానే గ్రహించాలని ఆశించడం సరికాదు. నేర్పవలసినది దుకాణం.

ఇక కొనుగోలుదారుగా ఏం చేయాలన్నది. నా అనుభవంలో అన్నిటికంటే ఉపయోగపడినది, ప్రశ్నను మార్చి అడగడం. "ఇది 2.1 ఆ?" అని అడిగితే అవుననే జవాబు వస్తుంది. "ఈ టీవీలో ఏ పోర్టుకు తగిలిస్తే 4కే బొమ్మ 120 ఫ్రేములతో వస్తుంది?" అని అడిగితే వారు మాన్యువల్ తెరవక తప్పదు. తీగ కొనేటప్పుడు "ఇది ఫాస్టేనా?" అనకుండా ఎన్ని వాట్లు మోస్తుంది, డేటా వేగం ఎంత అని విడివిడిగా అడగండి. లోపల గుర్తింపు చిప్ లేని టైప్-సీ తీగ 60 వాట్లకు మించి ఇవ్వదు, లావుగా ఉండి బాగా ఛార్జ్ చేసే తీగల్లో చాలా వాటికి డేటా వేగం సెకనుకు 480 మెగాబిట్లే. వీలైతే మీ ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకెళ్ళి, డెమో పీస్‌కు తగిలించి చూడండి. మానిటర్ విషయంలో నేను చేయవలసి ఉండి చేయనిది ఇదే.

మీతో మాట్లాడుతున్న వ్యక్తి దుకాణం ఉద్యోగా, కంపెనీ తరఫున నిలబడిన ప్రమోటరా అన్నది మర్యాదగానే అడిగి తెలుసుకోండి. ప్రమోటర్లకు తమ కంపెనీ వస్తువు గురించి దుకాణం వారికంటే బాగా తెలిసి ఉండవచ్చు, కానీ పక్క అరలోని వస్తువు గురించి వారు చెప్పేదానిని తీర్పుగా తీసుకోకూడదు. టీవీ కొనేటప్పుడు బొమ్మ సెట్టింగును ఇంట్లో వాడే మోడ్‌కు మార్చి చూపించమని అడగండి. దుకాణాల్లో టీవీలను వెలుగు, రంగులు బాగా పెంచే స్టోర్ మోడ్‌లో నడుపుతారు, ఆ బొమ్మ మీ గదిలో అలా కనబడదు. మీ కొనుగోలు ఏదైనా ఒక్క సామర్థ్యం మీదే ఆధారపడి ఉంటే, దాన్ని బిల్లు మీద ఒక వాక్యంగా రాసి ఇవ్వమని, ఆ సామర్థ్యం లేదని తేలితే సీలు తెరిచాక కూడా వెనక్కి తీసుకుంటామని రాసి ఇవ్వమని అడగండి. రాయడానికి కలం తీసుకోగానే చాలామంది ఒకసారి సరిచూసుకుంటారు, నిజానికి మనకు కావలసిందీ ఆ సరిచూసుకోవడమే.

ఫిర్యాదు విషయానికి వస్తే, నేను దుకాణం యాజమాన్యానికి ఒక పేజీ ఉత్తరం రాశాను. కొన్న తేదీ, మానిటర్ మోడల్, ల్యాప్‌టాప్ మోడల్, నేను అడిగిన ప్రశ్న, నాకు వచ్చిన జవాబు, తయారీదారు పట్టికలో ఉన్న వాక్యం అందులో వరుసగా పెట్టాను. ఆ యువకుడి మీద చర్య తీసుకోవద్దని, ప్రతి ల్యాప్‌టాప్ ధర కార్డు మీద టైప్-సీ పోర్టు నుంచి డిస్‌ప్లే వస్తుందో రాదో ఒక వరుస చేర్చాలని మాత్రమే కోరాను. ధరలో తేడాకు సమానమైన మొత్తాన్ని తర్వాతి కొనుగోలులో తగ్గిస్తామని జవాబు వచ్చింది, కార్డుల గురించి ఏమీ రాయలేదు. రెండు నెలల తర్వాత వెళ్ళినప్పుడు చూస్తే అయిదు ల్యాప్‌టాప్‌ల కార్డుల కింద ఆ వరుస చేతిరాతతో ఉంది. ఎవరు రాశారని అడిగితే నాకు మానిటర్ అమ్మిన యువకుడిని చూపించారు. మిగిలిన మోడళ్ళ వివరాలు ఇంటి దగ్గర ఖాళీ ఉన్నప్పుడు వెతుకుతున్నానని అతను చెప్పాడు.