జమానతు సంతకం పెట్టకముందే

బిడ్డా,

నీ దోస్తు బట్టల దుకాణం లోనుకు జమానతు ఉంటనని మాటిచ్చినవట. నిన్న మీ అమ్మ ఫోన్ల చెప్పినకాంచి నాకు నిద్ర పడ్తలేదు.

2006ల హన్మకొండ చౌరస్తాల స్కూటర్ సీటు మీద కాయితాలు పెట్టుకొని, తోటి సారు ఎత్తుకున్న చిట్టీకి నేను సంతకం చేసిన. చదవలే. "పేరుకే అన్నా, వాయిదాలు నేనే కడ్త" అన్నడు. ఆరు నెలలు కట్టి బందు పెట్టిండు. తర్వాత నా జీతం చీటీల ఒక కొత్త వరుస కనవడ్డది: కోర్టు జప్తు, 3,400. అట్ల రెండేండ్లు.

ముందు అప్పు తీసుకున్నోని మీద పడ్తరు, ఆడ దొరక్కుంటేనే మనదాకా వస్తరు అనుకుంటం. కాదు బిడ్డా. 1872 కాంట్రాక్టు చట్టం 128 సెక్షన్ల, ఒప్పందంల వేరే రాసుకోకుంటే, వాని బాధ్యత ఎంతో నీది అంతే. అసలు, మిత్తి అన్నీ. వాణ్ణి వదిలి సీదా నీ మీదికి రావచ్చని సుప్రీంకోర్టు 1969లనే చెప్పింది. నెలనెలా జీతం వచ్చేటోనివి నువ్వే గదా! నువ్వు కట్టాలని కోర్టు తీర్పు (డిక్రీ) అయితే జీతంల వెయ్యి రూపాయలు విడిచి, మిగిలినదాంట్ల మూడో వంతు దాకా పట్టుకుంటరు. వాడు కట్టకుంటే నీ సిబిల్ స్కోరు, అంటే లోను ఇచ్చేముందు బ్యాంకులు చూసే మార్కు, గూడ ఖరాబైతది.

కట్టిన పైసలు వాని దగ్గర వసూలు చేసుకునే హక్కు 145 సెక్షన్ ఇస్తది. నాకూ ఉండె. అడుగుదామని ఆ సారు ఇంటికి పోయిన. ఆయన చిన్న బిడ్డ చెంబుతోని నీళ్లు తెచ్చిచ్చింది. తాగి, అడగకుంటనే లేచి వచ్చిన.

ఖాళీ చెక్కు మాత్రం అసలే ఇయ్యకు. అది బౌన్సయితే చెక్కుల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్) 138 సెక్షన్ కింద కేసు, రెండేండ్ల దాకా జైలు పడొచ్చు. జమానతుకిచ్చిన చెక్కే అంటే ఇడిచిపెట్టరు.

కాయితంల "కంటిన్యూయింగ్ గ్యారంటీ" అని ఉందా చూడు. ఉంటే ఇప్పటి లోనుతోని అయిపోదు, వాడు ముందుముందు తీసేదానికీ నువ్వే జవాబు. ఎంత మొత్తం దాకా నీ బాధ్యతో అంకెతోని రాయమను, నకలు తీసుకో. దోస్తును కాదనలేవు, నాకు ఎరికే. వాపసు రాకున్నా నీకు బాధ లేనంత చేతిల పెట్టు. అది కూడా సాయమే.

ఆదివారం కాయితాలు పట్టుకొని ఇంటికి రా. కూసోని ఒక్కో పేజీ చదువుదాం, అప్పటిదాకా పెన్ను తియ్యకు.

నీ పెద్దబాపు