కాయిల్ స్పైక్‌ను కెపాసిటర్‌లోకి మళ్లించడం ఎలా?

ప్రశ్న: 10 మిల్లీహెన్రీల కాయిల్‌ను (వైండింగ్ నిరోధం 3 ఓములు) 12 వోల్టుల సప్లై మీద ఐఆర్‌ఎఫ్540ఎన్ మాస్‌ఫెట్‌తో (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) సెకనుకు 50 సార్లు ఆన్-ఆఫ్ చేస్తున్నాను. కరెంటు 2 ఆంపియర్లకు చేరగానే ఆపుతున్నా. ఆపినప్పుడల్లా స్పైక్ (వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకడం) వచ్చి మాస్‌ఫెట్ వేడెక్కుతోంది. ఆ శక్తిని వెనక్కి రాబట్టవచ్చా?

జవాబు: రాబట్టవచ్చు. ఎంత వస్తుందో ముందే లెక్క కట్టుకోండి. ఇండక్టెన్సులో సగాన్ని కరెంటు వర్గంతో గుణిస్తే, ఆపే క్షణానికి కాయిల్‌లో ఉన్నది 20 మిల్లీజౌళ్లు. అక్కడికి చేరడానికి సుమారు 2.3 మిల్లీసెకన్లు పడుతుంది. ఆలోపు సప్లై ఇచ్చింది 31 మిల్లీజౌళ్లు. అంటే 11 అప్పటికే వైండింగ్ వేడిగా పోయాయి, వాటిని ఏ సర్క్యూటూ తిరిగి తేలేదు.

డ్రెయిన్ (మాస్‌ఫెట్‌లో కాయిల్ కలిసే కాలు) నుంచి యూఎఫ్4007 డయోడ్ పెట్టి, దాని క్యాథోడ్‌ను (గీత ఉన్న కాలు) 1000 మైక్రోఫారడ్, 63 వోల్టుల కెపాసిటర్ ప్లస్‌కు కలపండి. కెపాసిటర్ మైనస్‌ను 12 వోల్టుల ప్లస్ లైనుకు కలపాలి. 1ఎన్4007 వాడకండి, అది స్విచింగ్‌కు కాదు, మెయిన్స్ రెక్టిఫైయర్లకు పనికొచ్చే నెమ్మది డయోడ్. వైర్లు పొట్టిగా ఉండాలి. పొడుగైతే వాటి సొంత ఇండక్టెన్స్ డ్రెయిన్ మీద ఇంకో స్పైక్ పుట్టిస్తుంది. 0.1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్‌ను పెద్దదానికి సమాంతరంగా, డయోడ్ కాలి పక్కనే వేయండి.

కెపాసిటర్ మీద తప్పనిసరిగా లోడ్ ఉండాలి. లేకపోతే 20 మిల్లీజౌళ్ల చొప్పున నిండుతూ 2 సెకన్లు కాస్త దాటగానే 63 వోల్టులూ మించిపోతుంది, కెపాసిటర్ పగిలే ప్రమాదం ఉంది. 680 ఓముల, 2 వాట్ల రెసిస్టర్ పెడితే దాదాపు 24 వోల్టుల దగ్గర నిలుస్తుంది. అప్పుడు డ్రెయిన్ మీద 12, 24 కలిపి 36 వోల్టులకు కొంచెం పైన. 100 వోల్టుల మాస్‌ఫెట్‌కు ఇబ్బంది లేదు.

ఈ 24 వోల్టుల దగ్గర ఒక్కో పల్స్‌కు దాదాపు 17 మిల్లీజౌళ్లు చేతికొస్తాయి. అదే కెపాసిటర్‌ను 5 వోల్టుల దగ్గర ఉంచితే 10 మాత్రమే. కారణం: వోల్టేజి తక్కువైతే కరెంటు తగ్గడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతసేపూ వైండింగ్ వేడెక్కుతూనే ఉంటుంది. పైగా డయోడ్ తినే వోల్టేజి 5 వోల్టుల పక్కన చిన్న వాటా కాదు. ఇనుప కోర్ ఉంటే ఈ అంకెలన్నీ ఇంకా తగ్గుతాయి.

ఆసిలోస్కోప్ పెట్టేటప్పుడు జాగ్రత్త. కెపాసిటర్ మైనస్ ఇప్పుడు 12 వోల్టుల ప్లస్ మీద ఉంది. ప్రోబ్ గ్రౌండ్ క్లిప్‌ను అక్కడ తగిలిస్తే, సప్లై మైనస్ ఎర్త్ అయి ఉన్నప్పుడు నేరుగా షార్ట్.

ప్రశ్న: కెపాసిటర్ మైనస్‌ను గ్రౌండ్‌కే (సప్లై మైనస్‌కు) కలిపాను. ఇచ్చినదానికన్నా ఎక్కువ శక్తి వస్తున్నట్టు మీటర్ చూపిస్తోంది. నిజమేనా?

జవాబు: కాదు. అలా కలిపితే పల్సులు లేకపోయినా సప్లై, కాయిల్, డయోడ్ మీదుగా కెపాసిటర్ దాదాపు 11 వోల్టుల వరకు నిండుతుంది. మాస్‌ఫెట్ ఆగాక కూడా సప్లై కరెంటును తోస్తూనే ఉంటుంది. అంటే అది బూస్ట్ కన్వర్టర్ (సప్లై వోల్టేజిని పెంచి ఇచ్చే సర్క్యూట్), ఆ అదనం సప్లై ఇచ్చిందే. పల్స్‌గా మారే కరెంటును మామూలు మల్టీమీటర్ సరిగ్గా సగటు చేయలేకపోవడం రెండో కారణం. కాయిల్ దగ్గర సప్లైకి అడ్డంగా 4700 మైక్రోఫారడ్ పెట్టండి. అమ్మీటర్ ఆ కెపాసిటర్‌కు సప్లై వైపున ఉండాలి. వచ్చిన శక్తిని స్పైక్ ఎత్తు చూసి అంచనా వేయకండి, లోడ్ రెసిస్టర్ మీది వోల్టేజి వర్గాన్ని ఓములతో భాగించండి. మైనస్‌ను తిరిగి 12 వోల్టుల ప్లస్‌కు మార్చాక 680 ఓముల మీద 24 వోల్టులుంటే అది 0.85 వాట్లు, సప్లై పెట్టింది 1.55.